మతిమరుపు చరిత్రలో మన హైదరాబాదు

ఉగాది సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, శాతవాహనుల గురించో కాకతీయుల గురించో రాస్తానని అనుకొని ఉంటారు. ఆ పని నాకంటే చక్కగా చేయగల సభ్యులు మనలోనే ఉన్నారు. నేను ఎంచుకున్న చరిత్రలో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ముసలితనంలో మనిషికి మతి తప్పడాన్ని లోకం ఏ విధంగా అర్థం చేసుకుంటూ వచ్చింది, ఆ కథలో మన తెలుగు నేల మీద జరిగిన ఒక పరిశోధనకు అంత పేరు ఎందుకు వచ్చింది అన్నదే నా విషయం. అల్ ఖోర్‌లో మనం ఉండి, అమ్మానాన్నలు, అత్తమామలు ఊళ్లో ఉన్న కుటుంబాలే మనలో ఎక్కువ. అందుచేత ఇది మనకు దూరపు సంగతి కాదని నా మనవి.

ముందుగా మాటల సంగతి చూద్దాం. ఇంట్లో పెద్దాయన ఒకే ప్రశ్న పదిసార్లు అడిగితే మనం మామూలుగా అనే మాట 'చాదస్తం'. దీనికి మూలం ఛాందసం. ఛందస్సు అంటే వేదం. వేదాన్ని, దాని నియమాలను తు.చ. తప్పకుండా పాటించేవాడు ఛాందసుడు. ఒకనాడు పాండిత్యానికి గుర్తుగా ఉన్న మాట జనం నోళ్లలో నలిగి, ఈనాడు ముసలివారిని విసుక్కోవడానికి మిగిలింది. ఇరుగుపొరుగు భాషలవారు ఏకంగా వయసునే పట్టుకున్నారు. హిందీవారు 'సఠియా గయే' అంటారు, అంటే అరవైలో పడ్డారని. మరాఠీవారు 'సాఠీ బుద్ధీ నాఠీ' అంటారు, అరవై రాగానే బుద్ధి పరారీ అని. కన్నడిగులది 'అరవత్తక్కె అరళు మరళు'. మనం ఉంటున్న దేశపు భాషలో దీనిని ఖరఫ్ అంటారు. అరబ్బీలో ఆకులు రాలే కాలాన్ని ఖరీఫ్ అంటారు, ఈ రెండు మాటలకూ ధాతువు ఒకటే. మన రైతులు చెప్పుకునే ఖరీఫ్ పంటలోని ఖరీఫ్ కూడా అదే మాట. పారశీక రెవెన్యూ పరిభాష వెంట మన పొలాల దాకా వచ్చింది.

మాటలన్నీ ముచ్చటగానే ఉన్నాయి. కానీ ఇవన్నీ కలిసి మనకు నేర్పిన పాఠం ఒకటే: అరవై దాటితే మతి పోవడం సహజమనీ, దానికి చేయగలిగింది ఏమీ లేదనీ. స్వాతంత్ర్యం వచ్చిన రోజులలో దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల ప్రాంతంలో ఉండేది. పసిబిడ్డల మరణాలు ఎక్కువ కావడం అందుకు ముఖ్య కారణమే అయినా, ఎనభై ఏళ్లు నిండినవారు ఊరికి కొద్దిమందే ఉండేవారు. వారి మతిమరుపు ఊరికి వింత, ఇంటికి విసుగు. దానిని ఒక జబ్బుగా లెక్క కట్టే అవసరం ఎవరికీ తోచలేదు. మన ఆయుర్వేదం మాత్రం తన ఎనిమిది అంగాలలో ఒకదానిని, రసాయన తంత్రాన్ని, ముసలితనాన్ని వెనక్కి నెట్టే ప్రయత్నానికే కేటాయించింది. అంటే ఈ బెంగ మనకు కొత్తది కాదు.

జబ్బుగా గుర్తించిన కథ జర్మనీలో మొదలవుతుంది. 1901 నవంబరు 25వ తేదీన ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని మానసిక వైద్యశాలలో ఆగస్ట్ డెటర్ అనే 51 ఏళ్ల స్త్రీని చేర్చారు. ఆమె భర్త రైల్వేలో గుమాస్తా. కొంతకాలంగా ఆమె భర్తను అనుమానించేది, వస్తువులు దాచేది, వంట తప్పేది. ఆమెను పరీక్షించిన వైద్యుడు అలోయిస్ ఆల్జైమర్. మధ్యాహ్న భోజనంలో ఆమె కాలీఫ్లవర్, పంది మాంసం తింటూ ఉండగా ఏం తింటున్నావని అడిగితే, పాలకూర అని చెప్పిందట. తన పేరు రాయమంటే సగంలో ఆగిపోయేది. అయిదేళ్ల తరువాత, 1906 ఏప్రిల్‌లో ఆమె చనిపోయింది. అప్పటికి మ్యూనిక్‌లో పని చేస్తున్న ఆల్జైమర్ ఆమె మెదడును తెప్పించుకొని సూక్ష్మదర్శిని కింద చూశాడు. కణాల మధ్య పేరుకున్న మచ్చలు, కణాల లోపల చిక్కుపడిన పోగులు కనిపించాయి. 1906 నవంబరు 3న ట్యూబింగన్‌లో జరిగిన వైద్యుల సభలో ఈ సంగతి చెబితే ఒక్కరూ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. నాలుగేళ్లకు, 1910లో, ఆయన పై అధికారి క్రేపెలిన్ తన వైద్య గ్రంథంలో ఈ జబ్బుకు ఆల్జైమర్ పేరు పెట్టాడు. ఆగస్ట్ డెటర్ కేసు కాగితాలు ఆ తరువాత ఎక్కడో మరుగున పడిపోయి, 1995లో మళ్లీ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే బయటపడ్డాయి. మతిమరుపుకు పేరు తెచ్చిపెట్టిన కాగితాలనే అంతకాలం మరిచిపోయారన్నమాట!

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆగస్ట్‌కు జబ్బు వచ్చింది యాభైలలో. కనుక చిన్న వయసులో వస్తేనే ఆల్జైమర్ జబ్బు, డెబ్బై దాటాక వస్తే అది వట్టి ముసలితనం అని పాశ్చాత్య వైద్యులు దాదాపు 60 ఏళ్లకు పైగా నమ్మారు. అంటే వారిదీ చాదస్తం సిద్ధాంతమే, పేరు మాత్రం లాటిన్ పేరు. 1976లో రాబర్ట్ కాట్జ్‌మన్ అనే అమెరికన్ నరాల వైద్యుడు, రెండూ ఒకటే జబ్బు, ఇది లక్షలాది మందిని బలి తీసుకుంటున్నది అని ఒక సంపాదకీయంలో గట్టిగా చెప్పాడు. అప్పటి నుంచే ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు దీని మీద డబ్బు పెట్టడం మొదలయింది. పిల్లలకు ఒక మాట వివరించాలి. డిమెన్షియా అనేది జ్ఞాపకం, ఆలోచన, ప్రవర్తన దెబ్బతిని రోజువారీ పనులు చేసుకోలేని స్థితికి పెట్టిన పేరు. దానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఆల్జైమర్, ఆ తరువాత మెదడుకు రక్తం సరిగా అందకపోవడం వల్ల వచ్చేది.

జబ్బు అన్నాక కొలవాలి. 1975లో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ అనే వైద్యుడు కలిసి 30 మార్కుల పరీక్ష ఒకటి తయారు చేశారు. ఈనాటికీ ప్రపంచమంతా వాడేది అదే లేదా దాని పిల్లలు. ఈ రోజు తేదీ ఎంత, ఇది ఎన్నో అంతస్తు, నూరులో నుంచి ఏడు తీసివేస్తూ పో, ఒక ఇంగ్లీషు మాటను వెనుక నుంచి అక్షరాలుగా చెప్పు, ఒక వాక్యం రాయి, ఈ బొమ్మను చూసి గీయి. ఇలా ఉంటాయి ప్రశ్నలు. బడి ముఖం చూడని మా నాయనమ్మను ఈ పరీక్షకు కూర్చోబెడితే సగం మార్కులు అక్కడే పోతాయి. ఆమె మాత్రం యాభై మందికి వండి వడ్డించి, ఎవరింటికి ఎన్ని మానికల బియ్యం బదులిచ్చిందో ఆరు నెలల తరువాత కూడా చెప్పగలిగేది. తేదీ అడిగితే 'ఏమో బిడ్డా, ఏకాదశి పోయి మూడొద్దులాయె' అనేది. దానికి మార్కులు ఏ కాలమ్‌లో వేయాలి?

ఈ ప్రశ్నను గంభీరంగా తీసుకున్నవారు ఉన్నారు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతంలో 28 పల్లెలలో, మేరీ గంగూలీ మొదలైన పరిశోధకులు భారత-అమెరికా ఉమ్మడి పథకం కింద పనిచేసి, ఆ పరీక్షను హిందీ పల్లె జనానికి తగినట్టు మార్చి 1995లో ప్రకటించారు. వాక్యం రాయమనడానికి బదులు మీ ఇంటి గురించి ఏదైనా చెప్పమన్నారు. అక్షరాల బదులు వారాల పేర్లు వెనుక నుంచి చెప్పమన్నారు. 55 ఏళ్లు పైబడిన 5,126 మందిని చూస్తే వారిలో 73 శాతం మంది నిరక్షరాస్యులే. అక్కడ ఆల్జైమర్ అమెరికాలోకంటే బాగా తక్కువగా కనిపించడం అప్పట్లో పెద్ద చర్చకు దారితీసింది.

మన పొరుగు రాష్ట్రాల కృషిని కూడా చెప్పుకోవాలి. మదురైలో ఆచార్య వెంకోబారావు 1982 నాటికే పెద్దవారి మానసిక ఆరోగ్యంపై సర్వే చేసి ప్రచురించారు. అందులో మతిమరుపుకంటే మనసు కుంగుబాటే ఎక్కువగా బయటపడింది. దీనిని మనం తేలికగా తీసుకోకూడదు. కుంగుబాటు ముసలితనంలో చాలాసార్లు మతిమరుపు వేషంలో వస్తుంది. ఇంగ్లండులో కైలో అనే వైద్యుడు 1961లోనే దీనికి 'దొంగ డిమెన్షియా' అనే అర్థం వచ్చే పేరు స్థిరపరిచాడు. మందులతో, మాటలతో కుదుటపడే రకం ఇది. కేరళలో కున్నంకుళం అనే చిన్న పట్టణంలో 1992లో డాక్టర్ జాకబ్ రాయ్ ఆల్జైమర్ రోగుల కుటుంబాల కోసం జాతీయ సంఘం స్థాపించారు. 1998లో కొచ్చిలో జరిగిన సభ నుంచి '10/66' అనే అంతర్జాతీయ పరిశోధక బృందం పుట్టింది. ప్రపంచంలోని డిమెన్షియా రోగులలో 66 శాతం మంది వర్ధమాన దేశాలలో ఉండగా, పరిశోధనలో 10 శాతం కూడా అక్కడ జరగడం లేదన్నదే ఆ పేరులోని ఎత్తిపొడుపు.

ఇక మన హైదరాబాదుకు వస్తాను. అసలు కథ ఇక్కడే ఉంది, కాస్త నిదానంగా చెబుతాను.

1988లో ఆ కాట్జ్‌మన్ గారే మరో వింత చూపించారు. చనిపోయిన వృద్ధుల మెదళ్లు పరీక్షిస్తే, కొందరిలో ఆల్జైమర్ మచ్చలు దండిగా ఉన్నా బతికి ఉన్నంతకాలం వారి తెలివికి ఏ లోపమూ రాలేదు. దెబ్బ తగిలింది కానీ నొప్పి తెలియలేదు. ఎందుచేత? మెదడుకు కొంత నిల్వ ఉంటుందని పరిశోధకులు ఊహించారు. మన భాషలో చెప్పాలంటే, గాదె నిండుగా ఉన్న ఇంటికి కరువు తెలియడం ఆలస్యం. చదువు, కష్టమైన వృత్తి, నలుగురితో కలసిమెలసి ఉండటం ఈ గాదెను నింపుతాయని అనుకున్నారు. 2007లో కెనడాలోని టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం 184 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా లక్షణాలు 4.1 ఏళ్లు ఆలస్యంగా కనిపించాయని ప్రకటించింది. వెంటనే ఎదురుప్రశ్న వచ్చింది. టొరంటోలో రెండు భాషలవారిలో ఎక్కువమంది వలస వచ్చినవారు. దేశం దాటి బతుకు నిలబెట్టుకున్నవాడు ఎలాగూ గట్టివాడే కదా, ఇది భాష మహిమా, వలస మహిమా అని. (మన అల్ ఖోర్ వాసులకు ఈ ప్రశ్న కొంచెం గర్వంగానే ఉంటుంది!)

దీనికి జవాబు చెప్పాలంటే వలస రాకుండానే రెండు మూడు భాషలు మాట్లాడే ఊరు కావాలి. అలాంటి ఊరు హైదరాబాదు. 1591లో కులీ కుతుబ్ షా నగరం కట్టిన నాటికే గోలకొండ రాజ్యంలో తెలుగు, పారశీకం, దక్కనీ కలిసి నడుస్తున్నాయి. అసఫ్‌జాహీల కాలంలో, 1880లలో, పారశీకం స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ప్రారంభమయింది. కచేరీలో ఉర్దూ, ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ, తరువాత ఉద్యోగాలకు ఇంగ్లీషు. కూరగాయలు అమ్మే అవ్వ కూడా రెండు భాషలలో బేరం ఆడేది. బడికి పోయి నేర్చిన భాష కాదు, బతుకులో అబ్బిన భాష.

పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో జ్ఞాపకశక్తి క్లినిక్ నడిపిన డాక్టర్ సువర్ణ అల్లాడి, ఎడిన్‌బరోకు చెందిన టామస్ బాక్, ఉస్మానియాలో భాషాశాస్త్రం బోధించిన దుగ్గిరాల వసంత తదితరులు కలిసి, అక్కడ డిమెన్షియా ఉన్నట్టు తేలిన 648 మంది కేసు రికార్డులను పరిశీలించారు. వారిలో 391 మంది ఒకటికంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారు. 2013లో ఫలితాలు 'న్యూరాలజీ' పత్రికలో వచ్చాయి. ఒకే భాషవారిలో జబ్బు సగటున 61 ఏళ్లకు మొదలవగా, రెండు భాషలవారిలో 65 దాటాక, అంటే నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలయింది. చదువు, వృత్తి, పల్లె, పట్నం తేడాలు లెక్కలోకి తీసుకున్నా ఈ వ్యత్యాసం నిలిచింది. అన్నిటికంటే ముఖ్యమైన విషయం, అక్షరం ముక్క రానివారిలో కూడా ఈ తేడా కనిపించింది, అదీ దాదాపు 6 ఏళ్లు. కనుక ఇది చదువు చేసిన మేలు అని కొట్టిపారేయడానికి వీలు లేకపోయింది. రెండు దాటి మూడు, నాలుగు భాషలు వస్తే అదనపు లాభం మాత్రం కనిపించలేదు.

ఆ సంఖ్యలను చరిత్ర చదివినవాడిగా చూస్తే నాకు మరొకటి తోస్తుంది. ఆ రోగులలో చాలామంది 1940లలోనూ, దానికి కొంచెం అటూ ఇటూ పుట్టినవారై ఉండాలి. అంటే నిజాం పాలన చివరి రోజులు, 1948 పోలీసు చర్య, 1956 రాష్ట్రావతరణ చూసిన తరం. రాజ్యాలు మారినప్పుడల్లా వారి మీద పడిన భాషల బరువే, ముసలితనంలో వారికి నాలుగేళ్ల ఊతం అయి ఉండవచ్చు. శాసనాలలో, ఫర్మానాలలోనే కాదు, ఒక ఊరి చరిత్ర ఆ ఊరివాళ్ల మెదళ్లలోనూ రాసి ఉంటుందని నాకు అనిపించింది ఇది చదివినప్పుడే.

మా నాన్నగారు ఆ తరం మనిషే. మేము బాపు అని పిలిచేవాళ్లం. 1934లో నిజామాబాద్ జిల్లాలో పుట్టారు. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ, బోధన్ సంతకు పోతే మరాఠీ. రైస్ మిల్లులో లెక్కలు రాసేవారు. ఎనభై దాటాక ఫోనులో 'ఎప్పుడొస్తున్నవు' అని అడిగి, జవాబు విని, రెండు నిమిషాలకు మళ్లీ అదే అడగడం మొదలయింది. 'అదే ముచ్చట మల్ల మల్ల తీస్తుండు తమ్మీ' అని అక్క చెప్పింది. ఊళ్లో చూపిస్తే ఒక వైద్యుడు వయసు మీద పడిందని చెప్పి బలానికి మాత్రలిచ్చి పంపాడు. అక్క ఊరుకోలేదు, హైదరాబాదులో జ్ఞాపకశక్తి క్లినిక్‌కు తీసుకుపోయింది. నేను సెలవు మీద వెళ్లి ఆ రోజు పక్కనే ఉన్నాను. యువ వైద్యురాలు తెలుగులో నూరులో నుంచి ఏడు తీయమంది. బాపు కిటికీలోకి చూస్తూ ఉండిపోయారు. ఆమె కాగితం మీద ఏదో రాసుకోబోతుంటే అక్క అంది, 'మా బాపుకు లెక్కలు ఉర్దూల అడుగుండ్రి మేడం'. ఆమెకు ఉర్దూ అంకెలు రావు. బయట ఉన్న వార్డుబాయిని పిలిపించారు. అతడు దక్కనీలో అడగ్గానే బాపు వేళ్లు మడుస్తూ 'తిరానవే... ఛియాసీ... ఉన్నాసీ' అని, అక్కడ ఆగి, దస్తీతో మొహం తుడుచుకున్నారు. మూడు మెట్లు దిగారు. తెలుగులో ఒక్కటీ దిగలేదు. ఆ వైద్యురాలు గీసిన సున్నాను కొట్టేసి మూడు వేసింది. జబ్బు అయితే ఉందని తేలింది, కానీ ఎంత ఉందన్నది ఏ భాషలో అడిగారన్న దాని మీద ఆధారపడిందని నా కళ్లతో చూశాను. రెండు భాషలు వచ్చినంత మాత్రాన ఆయనకు జబ్బు రాకుండా పోలేదు. 2019లో, 85వ ఏట ఆయన పోయారు.

కాబట్టి హైదరాబాదు పరిశోధనను రక్షరేకులా కట్టుకోకూడదు. అది ఒక క్లినిక్‌కు వచ్చిన రోగుల లెక్క. 2014లో న్యూయార్కులో స్పానిష్ మాట్లాడే వలస వృద్ధులను ఏళ్ల తరబడి వెంబడించి చూసిన పరిశోధకులకు ఇలాంటి మేలు కనబడలేదు. అలా ముందుచూపుతో చేసిన అధ్యయనాలను కూర్చి చూసిన 2017 నాటి సమీక్ష కూడా, రెండు భాషలు జబ్బును రానీయవని చెప్పలేమంది. నా మట్టుకు నాకు తోచేది, గాదె ఉపమానం ఇక్కడ కూడా సరిపోతుందని. కరువును ఆపడం వేరు, కరువులో మరి కొన్నాళ్లు పొయ్యి వెలిగించుకోవడం వేరు. నిమ్స్ బృందమే 2016లో పక్షవాతం వచ్చిన 608 మందిని చూస్తే, ఆ తరువాత తెలివితేటలు మామూలుగా నిలిచినవారు రెండు భాషలవారిలో 40 శాతం, ఒకే భాషవారిలో 20 శాతం లోపు. ఇది కూడా ఆలోచించదగ్గదే.

ఆ వార్డుబాయి అవసరం ఇక ముందు రాకూడదని చేసిన పని కూడా ఉంది. భారత వైద్య పరిశోధన మండలి పూనికతో హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళం భాషలలో ఒకే స్థాయి పరీక్షల సముదాయం తయారయింది. డాక్టర్ సువర్ణ తరువాత బెంగళూరు నిమ్‌హాన్స్‌కు వెళ్లి ఇదే రంగంలో కృషి సాగించారు. 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం దేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. పురుషులకంటే స్త్రీలలో, పట్నాలకంటే పల్లెలలో ఎక్కువ. మన అమ్మలు ఉన్నది ఎక్కడో వేరే చెప్పనక్కరలేదు.

అల్ ఖోర్ సంగతి. మన కార్నిష్ మీద శుక్రవారం సాయంత్రం చూడండి, ప్రవాసులలో ముసలివారు అరుదు. ఉద్యోగం అయిపోతే తిరుగు ప్రయాణమే కనుక మనం ముసలివాళ్లమయ్యేది ఇక్కడ కాదు. ఇక్కడి స్థానిక వృద్ధులు మాత్రం ముత్యాల పడవల కథలు విని పెరిగిన తరం. 1966 దాకా ఈ దేశంలో చెలామణి అయింది మన రిజర్వు బ్యాంకు ముద్రించిన గల్ఫ్ రూపాయి. బొంబాయి వ్యాపారం పుణ్యమా అని వారి మాటల్లో హిందీ పదాలు దొర్లుతాయి. ఖతార్ ప్రభుత్వం 2018లో జాతీయ డిమెన్షియా ప్రణాళిక ప్రకటించింది, హమద్ వైద్య సంస్థ జ్ఞాపకశక్తి క్లినిక్‌లు నడుపుతున్నది. గల్ఫ్ దేశాల ఇళ్లలో వృద్ధులకు అన్నం తినిపించి, చేయి పట్టి నడిపించే వారిలో గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి వచ్చిన మన ఆడపడుచులూ ఉన్నారు. పరాయి పెద్దావిడ ఏ వేళ భయపడుతుందో, ఏ మాటకు నిమ్మళిస్తుందో అరబ్బీలో తెలుసుకున్న ఆ తల్లి, తన కన్నతల్లిని వారానికి ఒకసారి ఫోనులోనే చూస్తుంది. ఈ విషయంలో మన సంఘంలో ఎవరినైనా సలహా అడగాలంటే నేను ముందు అడిగేది ఆమెనే.

ఇక ఫోనులో ఏం గమనించాలి? కళ్లజోడు ఎక్కడ పెట్టారో మరవడం, పేరు తట్టక కాసేపటికి తట్టడం మామూలే. అడిగిందే అడగడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, చిల్లర లెక్క తడబడటం, వేసుకున్న మాత్ర మళ్లీ వేసుకోవడం, శాంతమూర్తి అయిన మనిషి ఊరకే అనుమానించడం, ఇవి మామూలు కావు. ఎప్పుడూ మాట్లాడేవారు రెండు ముక్కలతో ఫోను పక్కవారికి ఇచ్చేస్తుంటే, అది మతిమరుపో, కుంగుబాటో, వినబడకపోవడమో వైద్యుడు తేల్చాలి. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం కూడా ఇలాగే కనిపిస్తాయి, ఒక రక్తపరీక్షతో తెలుస్తాయి, మందుతో తగ్గుతాయి. అసలైన ఆల్జైమర్‌కు 1996 నుంచి వాడుకలో ఉన్న మందులు కొంత ఊరట మాత్రమే ఇస్తాయి. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ తొలిదశలో జబ్బు వేగాన్ని కొద్దిగా తగ్గిస్తుంది, మెదడులో వాపు, రక్తస్రావం ప్రమాదం దానితో ఉంది. 2024 నాటి లాన్సెట్ కమిషన్ మాత్రం, వినికిడి లోపం, చక్కెర వ్యాధి, రక్తపోటు, పొగతాగుడు, ఒంటరితనం వంటి 14 కారణాలను ముందుగానే సరిదిద్దితే దాదాపు 45 శాతం కేసులను నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యమని లెక్క కట్టింది. ఆ జాబితాలో చక్కెర, రక్తపోటు మన ప్లాంట్లలో పనిచేసే నలభై ఏళ్లవారివి కూడా.

వేసవి సెలవులకు వెళ్లినప్పుడు పెద్దవారి చెవులు, కళ్లు ఒకసారి చూపించి రండి. క్లినిక్‌కు తీసుకుపోతే, వారు చిన్నప్పుడు ఏ భాషలో చదివారో, ఏ భాషలో లెక్కలు వేసేవారో ముందుగానే వైద్యుడికి చెప్పండి. ఊళ్లో తోడు లేనివారికి భారత ప్రభుత్వపు ఎల్డర్‌లైన్ ఉంది. నంబరు 14567, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు, ఖర్చు లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో తెలుగులోనే మాట్లాడతారు. ఊళ్లో ఉన్న చెల్లెలి ఫోనులోనో, పక్కింటివారి ఫోనులోనో ఈ నంబరు రాయించి ఉంచండి.